మా బావగారి వసంతం

మిన్నెసోటాలో చలికాలం ఎప్పుడు అయిపోతుందని అడిగితే తలా ఒక మాట చెబుతారు. మా బావగారు మాత్రం తేదీతో సహా చెప్పేస్తారు: ఉగాది నాడు. చైత్రమాసం వచ్చాక వసంతం రాక చస్తుందా అని ఆయన వాదన. ఆ పంచాంగం బెజవాడ ఎండలో కూర్చున్నవాళ్ళ కోసం రాసిందనీ, మనం ఉన్నది మినియాపొలిస్ శివార్లలో, భూమధ్యరేఖకీ ఉత్తర ధ్రువానికీ సరిగ్గా నడుమ, 45 డిగ్రీల అక్షాంశం దగ్గరనీ మా అక్క ఏటా గుర్తుచేస్తుంది. 1998లో ఈ ఊరొచ్చిన దగ్గర్నుంచీ ఆయన ఆ మాట విన్న పాపాన పోలేదు.

ఇలాంటి మనిషి మీకూ తెలిసే ఉంటారు. చికాగోలోనో టొరంటోలోనో మీ బాబాయి వరసో, ఆఫీసులో పక్క సీటాయనో. మార్చిలో ఒక మధ్యాహ్నం పాదరసం 50 ఫారెన్‌హీట్ తాకగానే నిక్కరు వేసుకుని వాకిట్లో ప్రత్యక్షమవుతారు. 50 అంటే మన 10 డిగ్రీలు. అదే 10 డిగ్రీలు బెజవాడలో పడితే ఈయనే మంకీ క్యాప్ మీద మఫ్లర్ చుట్టుకుని, డాబా మీద బట్టలు తేవడానికి కూడా పైకెక్కరు. ఇక్కడ మాత్రం పైపు తీసి కారు కడుగుతారు. మంచు పారలు గరాజ్‌లో అటకెక్కిస్తారు. స్నో బ్లోయర్‌లో గ్యాస్ మొత్తం తీసేసి ఓ మూలకి నెట్టి, దానికి అడ్డంగా సైకిళ్ళు, సైకిళ్ళకి అడ్డంగా లాన్ మోవర్, దాని ముందు ఎరువు బస్తాలు పేరుస్తారు. అక్కడితో ఆగితే ఆయన ఖర్మ అనుకుందుం. చుట్టుపక్కల వాళ్ళ చేత కూడా చలికాలం అటకెక్కించిందాకా ఆయనకి నిద్రపట్టదు. ఆయన పెరటికి ఆనుకునే మా పెరడు.

నా కరివేపాకు చెట్టు సంగతి ఇక్కడే చెప్పేస్తాను, కడుపులో పెట్టుకుని ప్రయోజనం లేదు. ఆరేళ్ళు పెంచిన చెట్టు. చలికాలమంతా హాల్లో కిటికీ పక్కన దీపం పెట్టి, ఆకుమీద దుమ్ము తుడిచి, చంటిపిల్లలా చూసుకున్నాం. 2023 ఏప్రిల్ 12న ఈ ఊళ్ళో ఎండ 88 డిగ్రీలకి పోయింది. మన లెక్కలో 31. ఆ తేదీకి అది రికార్డు. బావగారు మా హాల్లోకి వచ్చి, చెట్టుని చూసి నిట్టూర్చారు.

"ఏమోయ్, దీన్ని ఆసుపత్రిలో పెట్టినట్టు పెట్టావేం? చెట్టన్నాక గాలి తగలద్దూ?"

"మళ్ళీ చలి రాదంటారా బావగారూ?"

"ఉగాది వెళ్ళి మూడు వారాలైంది. ఇంకా ఏం చలి?"

ఇద్దరం చెరో పక్కా పట్టి కుండీ బయట పెట్టాం. వారం తిరక్కుండా మంచు పడింది. తప్పు నాదే, ఆ రాత్రి లోపల పెట్టడం మరిచాను. తెల్లారి చూస్తే ఆకులన్నీ పోపులో మాడినట్టు నల్లగా ముడుచుకుని ఉన్నాయి, పోపు భాగ్యం దక్కకుండానే. బావగారు పరామర్శకి వచ్చారు. గోటితో కాండం గీరి "లోపల పచ్చగానే ఉంది, వేరు బతికే ఉంటుంది" అన్నారు. నాకు కనిపించింది గోధుమరంగు. ఇప్పటికీ మా ఇంటికొస్తే ఆ ఖాళీ కుండీ వైపు చూడకుండా సోఫాలో అటు తిరిగి కూర్చుంటారు. పాపం, ఆ మాత్రం భయం ఉంది.

అసలు ఆయన్ని చూడాలంటే 2018లో చూడాలి. ఆ ఏడు మార్చి 18న ఉగాది. విళంబి నామ సంవత్సరం. గుళ్ళో పంతులుగారు పంచాంగ శ్రవణంలో వానలూ పంటలూ అన్నీ చెప్పారు. బావగారు చెయ్యెత్తి "మంచు సంగతేమైనా రాశారా?" అని అడిగారు కూడా. రాయలేదు. కానీ విలంబం అని సంవత్సరం పేరులోనే ఉంటే మేమెవరమూ చదువుకోలేదు. ఏప్రిల్ 13, శుక్రవారం. తెల్లారితే సూర్యుడు మేషంలో అడుగుపెడతాడు, అశ్విని కార్తె. మనవైపు రైతులు దుక్కులు చూసుకునే వేళ. ఇక్కడ తుఫాను మొదలై ఆదివారం దాకా కురుస్తూనే ఉంది. దాదాపు 15 అంగుళాలు. ఆ నెల మొత్తం కలిపి 26 అంగుళాలు, ఈ జంట నగరాల లెక్కల్లో అంత మంచు పడిన ఏప్రిల్ ఇంకొకటి లేదు.

జనవరి మంచు వేరు, ఏప్రిల్ మంచు వేరు. జనవరిది పొడి మంచు, విభూతిలా ఊదితే ఎగురుతుంది. ఏప్రిల్‌లో చలి సరిగ్గా గడ్డకట్టే గీత దగ్గర ఊగిసలాడుతుంటుంది కాబట్టి మంచులో నీళ్ళెక్కువ. పారకి ఇడ్లీపిండిలా అంటుకుంటుంది, విదిలిస్తే రాలదు. బావగారు ముందు ఎరువు బస్తాలు, తర్వాత మోవర్, తర్వాత సైకిళ్ళు తీసి, స్నో బ్లోయర్‌ని బయటికి లాగి, గ్యాస్ లేదని అప్పుడు గుర్తుచేసుకున్నారు. మా ఇంట్లోంచి తెచ్చి పోశాం. పది అడుగులు వెళ్ళిందో లేదో, మంచు విసిరే గొట్టంలో తడిమంచు ఇరుక్కుని మూలిగి ఊరుకుంది. చివరికి పారలే దిక్కయ్యాయి. రెండు గంటలు తోడి, డ్రైవ్‌వే నల్లగా బయటపడి, ఆయన నడుం మీద చేతులు వేసుకుని గర్వంగా నిలబడిన క్షణంలో మున్సిపాలిటీ ప్లౌ బండి వచ్చి, రోడ్డు మీది మంచంతా ఆ వాకిలి చివర మోకాలెత్తు గట్టుగా పోసి పోయింది. బావగారు ఆ బండి వెనక వీధి మలుపుదాకా పార ఎత్తి పట్టుకుని నడిచారు. ఏం చేద్దామని నడిచారో ఆయనకీ తెలియదు.

కోపం వస్తే ఆయన శాస్త్రం మాట్లాడతారు. ఉత్తర ధ్రువం నుంచి మనదాకా అడ్డంగా ఒక్క కొండ లేదు, కెనడావాళ్ళు వీధి తలుపు బార్లా తీసి పెట్టారు, అటు మెక్సికో సింధుశాఖ నుంచి తేమ ఎగదన్నుకొస్తుంది, రెండూ వచ్చి మన డ్రైవ్‌వేలోనే కొట్టుకుంటాయి అంటారు. కెనడావాళ్ళ మాట పక్కన పెడితే మిగతాది నిజమే. శాస్త్రం అయ్యాక చరిత్ర. 1991 హాలోవీన్ తుఫానులో 28 అంగుళాలు పడ్డ సంగతి కళ్ళారా చూసినట్టు చెబుతారు, తలుపు తియ్యడానికి ఎంత తంటాలు పడ్డారో అభినయిస్తూ. 1991లో ఆయన గుడివాడలో ఇంటర్ సెకండియర్. అక్క ఆ మాట అనదు, పకోడీల పళ్ళెం ఆయన ముందు కాస్త గట్టిగా పెడుతుందంతే.

సానుభూతి కోసం బెజవాడలో మా అమ్మకి వీడియో కాల్ చేసి, ఫోన్ వాకిట్లోకి తిప్పి చూపిస్తారు. అమ్మ కరెంటు పోయి, పవిటతో విసురుకుంటూ ఉంటుంది. "ఎంత చల్లగా ఉందో నాయనా! రెండు బకెట్లు ఇటు పంపించకూడదూ?" అత్తగారు కాబట్టి నవ్వి ఊరుకుంటారు. ఫోన్ పెట్టేశాక ఆ కోపం నామీద చూపిస్తారు.

2024లో ఇంకో ముచ్చట. ఆ చలికాలం మిన్నెసోటాలో రికార్డుకెక్కినంత వెచ్చగా గడిచింది. మంచు మొహం చూపించీ చూపించనట్టు. భూగోళం మారిపోయిందోయ్ అని బావగారు ఫిబ్రవరిలో స్నో బ్లోయర్ అమ్మేశారు. క్రోధి సంవత్సరం ఏప్రిల్ 9న రావాలి. ఆ క్రోధం మార్చి చివరి వారానికే దిగింది. ఆ చలికాలం మొత్తం మీద పడిన మంచులో దాదాపు సగం ఆ కాస్త రోజుల్లోనే పడింది. ఆయన వచ్చి మా బ్లోయర్ అడిగారు. అది నేనూ ఆయన చెప్పగానే అమ్మేశానని ఆయన మరిచిపోయారు.

అవును, నేనూ అమ్మేశాను. ఆయన మాట పట్టుకుని ఇరవై ఏళ్ళుగా మునుగుతున్నవాణ్ణి, ఆయన్ని వెక్కిరించే అర్హత నాకెక్కడిది? ఏటా ఫిబ్రవరి చివర బేస్‌మెంట్‌లో లైటు కింద పెరుగు డబ్బాల్లో సొరగింజలు, గోంగూర గింజలు నాటేది నేనే. మదర్స్ డే వెళ్ళేదాకా టమాటా మొక్క బయట పెట్టకూడదని ఇక్కడి పెద్దవాళ్ళు నెత్తీనోరూ కొట్టుకుని చెబుతారు. అది మే రెండో ఆదివారం. వినే ఓపిక ఇద్దరికీ లేదు.

మొన్న మే మొదటి వారంలో మొక్కలు నేలలో పెట్టేశాను. బావగారూ పెట్టారు. రాత్రి పది దాటాక ఫోన్‌లో గంట కొట్టింది: తెల్లవారుజామున 30 డిగ్రీలు, మంచు కరుస్తుంది. స్వెట్టర్ మీద లుంగీ బిగించి, పాత దుప్పట్లూ బకెట్లూ పట్టుకుని పెరట్లోకి పరిగెత్తాను. ఒక్కో సొరమొక్క మీదా ఒక్కో బకెట్ బోర్లిస్తుంటే జేబులో ఫోన్ మోగింది.

"ఏం చేస్తున్నావోయ్?"

"పడుకున్నాను బావగారూ. మీరు?"

"నేనూ అంతే. మొక్కలు లోపలే ఉన్నాయిగా?"

"లోపలే ఉన్నాయి."

కంచెకి అవతల టార్చిలైటు ఒకటి అటూ ఇటూ కదులుతూ కదులుతూ, ఠక్కున ఆరిపోయింది.