అలక పాన్పు మీద అలెగ్జాండర్

మావాడి దగ్గర ఒక అలెగ్జాండర్ ఉన్నాడు. 28 మిల్లీమీటర్ల స్కేలు, పోత పోసిన తెల్లలోహం, కింద నల్ల గుర్రం, చేతిలో మనిషి కంటే పొడుగు బల్లెం. కళ్లు దిద్దడానికే మూడు ఆదివారాలు పట్టింది. పెళ్లిచూపుల్లో తన మొహం కేసి కూడా ఇంతసేపు చూడలేదని వాళ్లావిడ సణుగుతుంది. అంతవరకూ నాకే పేచీ లేదు, ఎవరి పిచ్చి వారికానందం. ఆ బొమ్మ ఒక ఆటలోంచి ఇంకో ఆటలోకి కాపురం మార్చినప్పుడల్లా జరిగే తంతు ఉంది చూశారూ, నా పేచీ దానితోనే.

బొమ్మల యుద్ధమంటే భోజనాల బల్ల మీద పచ్చగుడ్డ పరిచి, అటూ ఇటూ సైన్యాలు నిలబెట్టి, టేపుతో కొలిచి జరుపుకుంటూ పోట్లాడుకోవడం. హెచ్.జి. వెల్స్ 1913లో ‘లిటిల్ వార్స్’ రాసినప్పుడు ఇందులో పాచికలు కూడా లేవు. స్ప్రింగు ఫిరంగిలో చెక్కముక్క పెట్టి పేల్చడం, తగిలి పడినవాడు చచ్చినట్టు. వచ్చే చెక్కముక్కకు సేనానెవరో సిపాయెవరో తెలియదు. హాయిగా ఉండేది. తర్వాత రూల్ బుక్కులు పుట్టగొడుగుల్లా లేచాయి. సేనాని అంటే ఎవరయ్యా అని అడిగితే ఒక్కో పుస్తకం ఒక్కో జవాబు చెబుతుంది.

1998లో వచ్చిన ‘వార్‌హామర్ ఏన్షియెంట్ బ్యాటిల్స్’ను అడగండి. సేనాని అంటే మొనగాడంటుంది. బలానికో అంకె, ఓర్పుకో అంకె, ఎన్ని ప్రాణాలో, ఒక్క విడతలో ఎన్ని వేట్లో, అన్నిటికీ గళ్లున్నాయి. మన సినిమా హీరోను తీసుకెళ్లి నిలబెట్టినా ఒక్క గడి ఖాళీ ఉండదు. మావాడి అలెగ్జాండర్ అక్కడే పుట్టి పెరిగాడు. ముద్దు చేసి చెడగొట్టిన బిడ్డ.

తర్వాత ఫిల్ బార్కర్ 1990లో తెచ్చిన ‘డీబీఏ’ మీదికి మావాడి మనసు పోయింది. అందులో సైన్యమంటే పన్నెండు దళాలు, ఒక దళంలో సేనాని. దగ్గరి పోరులో ఆ దళానికి పాచిక మీద ఒకటి కలుపుకోవాలి. అంతే. అలెగ్జాండరైనా ఒకటే, ఊరూ పేరూ లేని గూడెం నాయకుడైనా ఒకటే. నిజానికి ఆ ఒకటి తక్కువేం కాదు. సమానులు తలపడితే గెలుపు 36లో 15 పాళ్లు, ఒకటి కలిపితే 21. మావాడికి ఆ లెక్క ఆనలేదు. ‘ప్రపంచాన్ని జయించినవాడికి ప్లస్ వన్నా?’ అని బొమ్మను చేతిలోకి తీసుకుని దాని మొహం కేసి చూశాడు. బొమ్మ మొహం చిన్నబోయిందట.

ఇక్కడే అలక పాన్పు మొదలవుతుంది. కొత్త అల్లుడు మంచమెక్కి కూర్చుంటే అత్తవారు ఉంగరం తెస్తారు, వాచీ తెస్తారు, అయినా దిగడు. అలాగే అలెగ్జాండర్‌కు ముందు ప్లస్ వన్ ప్లస్ టూ అయింది. తర్వాత ‘స్ఫూర్తి’ అని ఒక రూలు, పక్కనున్న దళాలకు కూడా. తర్వాత పాచిక తిరగవేసే హక్కు. ‘రూల్స్ మారాయి గానీ మనిషి మారలేదు కదరా, ఆయన స్వభావానికి న్యాయం చెయ్యాలి’ అన్నాడు మావాడు.

న్యాయమట. సరే, స్వభావమే చూద్దాం. క్రీ.పూ. 334లో గ్రానికస్ నది ఒడ్డున ఒక పారసీకుడు కొట్టిన దెబ్బకు అలెగ్జాండర్ శిరస్త్రాణం చీలింది. వెనక నుంచి మరొకడు కత్తెత్తితే మిత్రుడు క్లైటస్ వాడి చెయ్యి నరికి రాజును బతికించాడు. ఆరేళ్లకు సమర్కండ్ విందులో తప్పతాగి ఆ క్లైటస్‌నే బల్లెంతో పొడిచి చంపాడు ఈ మహానుభావుడు. 325లో ఇదే పెద్దమనిషి గెడ్రోసియా ఎడారిలో సైన్యాన్ని నడిపించి ఎండకూ దాహానికీ అప్పజెప్పాడు. ఇన్ని ఆటలు మారాడు కదా, ‘ప్రతి విడతా మద్యం పాచిక వెయ్యాలి, ఒకటి పడితే పక్కనున్న మిత్రుణ్ణి తీసెయ్యాలి’ అనే రూలు మావాడొక్కసారైనా రాయలేదేం? స్వభావమంటే జాతకంలో రాజయోగం ఒక్కటేనా?

అసలు నవ్వొచ్చేది ఇంకోటుంది. మనం బళ్లో చదువుకున్న జీలం యుద్ధం, క్రీ.పూ. 326. పురుషోత్తముడు ఆవలి ఒడ్డున ఏనుగులతో కాచుకుని ఉంటే, అలెగ్జాండర్ రాత్రుళ్లు ఒడ్డు పొడుగునా ఉత్తుత్తి హడావిడి చేయించి ఆయన్ను విసిగించాడు. చివరికి తన సేనాని క్రాటెరస్‌ను శిబిరంలోనే ఉంచి, తాను ఎగువకు పోయి, వానా ఉరుముల మధ్య నది దాటాడు. ఆ బుర్రంతా ఖర్చయింది అక్కడే. మా బల్ల మీద ఆట మొదలయ్యేది నది దాటాక. అంటే ఆయన గొప్పతనం అయిపోయాక మనం పచ్చగుడ్డ పరుస్తాం, అది కనిపించడం లేదని ప్లస్‌లు కలుపుతాం.

ఈ జబ్బు మావాడొక్కడిదే అనలేను. కంపెనీలకూ ఉంది. గేమ్స్ వర్క్‌షాప్ 2015లో తన పాత వార్‌హామర్ లోకాన్ని ముగించి ‘ఏజ్ ఆఫ్ సిగ్మార్’ తెచ్చింది. పాత సేనానుల్ని కొత్త ఆటలోకి దించుతూ కుర్ట్ హెల్‌బోర్గ్ అనే మీసాల సేనానికి ఒక రూలు పెట్టింది. ఆడేవాడి మీసం ఎదుటివాడి మీసం కంటే ఘనంగా ఉంటే పాచిక తిరగవేసుకోవచ్చు. జనం మొత్తుకున్నారు. నాకు మాత్రం ముచ్చటేసింది. గెలుపు బొమ్మది కాదు, బొమ్మ వెనక మీసం మెలేసే వాడిదని దాచకుండా చెప్పిన రూలు అదొక్కటే. మావాడు రోజూ నున్నగా గీసుకుంటాడు కాబట్టి ఆ ఆట జోలికి పోలేదు.

పోయిన నెల రిక్ ప్రీస్ట్లీ ‘హెయిల్ సీజర్’ (2011) వంతు వచ్చింది. అక్కడ సేనాని కత్తి తిప్పడం కంటే ముఖ్యం ఆయన మాట దళం దాకా చేరడం. ఆజ్ఞ చెప్పి రెండు పాచికలు వెయ్యాలి, నాయకత్వం అంకెను దాటకూడదు. మామూలు నాయకుడికి 8, అంటే 36లో 26 సార్లు మాట చెల్లుతుంది. మావాడు నోరు తెరవకముందే 10 రాసేసుకున్నాడు, 33 సార్లు. రెండు ఆర్లు పడితే మాత్రం ఆజ్ఞ అడ్డం తిరుగుతుంది, అందులో పెద్దా చిన్నా లేదు. ఆ రూలు తీసేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. పురుషోత్తముడి వైపు ఎప్పుడూ నేనే కూర్చుంటాను, నా రాజుకు ఏ ఆటలోనూ ఎవరూ ఉంగరం తెచ్చిపెట్టలేదు.

బొమ్మ పాత బేస్ 25 బై 50, కొత్త ట్రేలో ఇమడదు. పేపరు కోసే కత్తి గుర్రం గిట్టల కింద దూర్చి, ఊపిరి బిగబట్టి లేపాడు. ఎప్పటి ఫెవిక్విక్కో, టక్కుమంది. గుర్రం ఊడింది, బల్లెం వంగింది. గోటితో సరిచేశాడు, బల్లెం మీద రంగు రేకులా లేచింది. మూడు ఆటల బేసుల మచ్చలు గిట్టల కింద పొరలు పొరలుగా కనిపిస్తున్నాయి.

ఆట మొదలైంది. ‘సహచరాశ్వికులు ఏనుగులను వదిలేసి, ఎడమ పార్శ్వం మీదికి, ఆగకుండా!’ అని గొంతు పెంచి ఆజ్ఞ చెప్పి మావాడు పాచికలు వేశాడు. ఒకటి ఆరు మీద ఆగింది. రెండోది ఉప్పు డబ్బాకు తగిలి తిరిగి, తిరిగి, ఆరు మీదే ఆగింది. పొరపాట్ల పట్టిక చూశాం. అశ్వికులు వెనుదిరిగి వచ్చిన దారినే పోవాలి. అలెగ్జాండర్ వాళ్లతో పాటే.

మావాడు రెండు నిమిషాలు మాట్లాడలేదు. నేను కదిలించలేదు, నా ఏనుగుల్ని లెక్క పెట్టుకున్నాను.

‘ఈ ఆటకు సేనానంటే ఏమిటో తెలియదురా,’ అన్నాడు చివరికి. ‘పాచికలు లేకుండా పేకముక్కలతో ఆడేది ఇంకోటుందట, చూద్దామా?’ అంటూనే కత్తి కోసం బల్ల సొరుగు లాగాడు.