మ్యూట్‌లో లేని నాయన

"నా మాట వినిపిస్తోందా?" అని జూమ్‌లో లెక్చరర్ అడుగుతాడు. క్లాసులో అరవై మంది, తెర మీద అరవై నల్ల పెట్టెలు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. పాపం, ఆయన మళ్ళీ అడుగుతాడు. అప్పుడు చిట్టమూరు నించి ఒక గొంతు, ఈ గెనెం మీద నించి ఆ గెనెం మీది మనిషిని పిలవడానికి అలవాటు పడిన గొంతు, ఖంగుమంటుంది: "బ్రహ్మాండంగా ఇనపడతా ఉండాది సార్! మీరు కానీండి!"

గొంతు విద్యార్థినిది కాదు, విద్యార్థిని నాయనది. అమ్మాయి ఆ సమయంలో రెండు చేతులతో మొహం కప్పుకుని, మైకు ఆపే గుర్తు ఎక్కడుందా అని వేళ్ళ సందుల్లోంచి వెతుకుతూ ఉంటుంది.

కరోనా కాలంలో రకరకాల మనుషులు పుట్టుకొచ్చారు. మాస్కు గడ్డానికి తగిలించుకునేవాడు, మిరియాల కషాయం కాచి వీధంతా పంచేవాడు, జనతా కర్ఫ్యూ సాయంత్రం ఉత్సాహం పట్టలేక కంచానికి సొట్టలు పెట్టినవాడు. వీళ్ళ మీద జోకులు బోలెడు వచ్చాయి. మ్యూట్‌లో లేని నాయన గురించి మాత్రం ఎవరూ రాయలేదు. ఆయన గురించి రాయాల్సినవాళ్ళంతా ఆయన పిల్లలు కావడం ఒక కారణం కావచ్చు.

అంతకు ముందు ఈయనకు పైచదువంటే రసీదు. ఏడాదికోసారి డబ్బు కట్టడం, హాస్టల్ గేటు దగ్గర ఆవకాయ జాడీ దించడం, ఆ పైన దేవుడి మీద భారం. దగ్గర్లో కాలేజీలు లేక కాదు. విద్యానగర్‌లో ఇంజనీరింగ్ కాలేజీ 1979లోనే వచ్చింది. నెల్లూరు ఇవతల కాకుటూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం 2008 నించీ ఉంది. తిరుపతి ఉండనే ఉంది, తడ దాటితే చెన్నై ఉంది. ఎక్కడ చేర్పించినా గేటు లోపల ఏం జరుగుతుందో ఏ తండ్రీ చూసింది లేదు. విత్తన వడ్లు కొనేటప్పుడు మూట విప్పించి, గుప్పెడు అరచేతిలో పోసుకుని, ఒక గింజ పంటి కింద కొరికి గానీ బేరం ఆడని మనిషి, లక్షలు పోసి కొన్న చదువును మాత్రం మూట విప్పకుండానే కొన్నాడు.

2020 మార్చిలో ఆ మూట ఇంటికొచ్చింది.

రాష్ట్రంలో మొదటి కేసు నెల్లూరులోనే తేలింది. ఇటలీ నించి వచ్చిన విద్యార్థి. ఆ అబ్బాయి కోలుకుని క్షేమంగా ఇంటికి వెళ్ళాడు గానీ, 'చదువుకోడానికి పోయి వచ్చినోళ్ళు' అనే మాటకే మా వైపు ఒక దడ పట్టుకుంది. అందుకని హాస్టల్ ఖాళీ చేసి రెండు పెట్టెలతో దిగిన కూతుర్ని నాయన వాకిట్లోనే ఆపి, పసుపు నీళ్ళు చల్లించి, తిన్నగా మిద్దె మీది గదికి ఎక్కించాడు. వలంటీరు వచ్చి పేరు రాసుకుని పోయాడు. పద్నాలుగు రోజులు కింద నించే పరామర్శ. "అమ్మణ్ణీ, దగ్గేమన్నా వచ్చిందా?" అని ఆయన రోజుకు ఆరుసార్లు అడిగేవాడు. అడిగే గొంతు సంగతి ముందే చెప్పాను. వీధి మొత్తం నెలరోజుల పాటు ఆ ఇంటి పాలు పోయించుకోవడం మానేసింది.

మార్చి ఆఖరులో హైదరాబాదు హాస్టళ్ళ నించి బయల్దేరిన పిల్లలు గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయి రోడ్డు మీద నిలబడటం టీవీలో చూసినప్పుడు మాత్రం ఆయన నోట మాట రాలేదు. లేచి మెట్లెక్కి, కూతురు గదిలోనే ఉందా లేదా అని కిటికీలోంచి చూసొచ్చి, మళ్ళీ టీవీ ముందు కూర్చున్నాడు.

తర్వాత క్లాసులు ఫోనులో అన్నారు. ఉన్న ఫోను చాలదన్నారు. కొత్తది పన్నెండు వేలు. ఈయన డబ్బును రూపాయల్లో లెక్కపెట్టే మనిషి కాదు, వడ్ల పుట్లలో లెక్కపెడతాడు. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. ఆ ఏడు ఏ గ్రేడు వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు 1,888 రూపాయలు కాబట్టి పుట్టికి పదహారు వేల పైచిలుకు రావాలి, కాగితం మీద. కయ్యలోకి దిగి దళారి చెప్పే ధర వేరే. ఆ ధరకు లెక్కగట్టుకుంటే ఫోనుకు పుట్టి వడ్లు కూడా చాల్లేదు. అప్పట్నించీ ఆ వస్తువు పేరు ఇంట్లో ఫోను కాదు. అమ్మాయి చేతిలోంచి జారితే చాలు, "పుట్టి, పుట్టి! చూసుకోమ్మా!" అని పెరట్లోంచి కేక.

సిగ్నల్ మరో భాగోతం. వసారాలో ఒక గీత, వంటింట్లో అది కూడా లేదు. మిద్దె మీద ఈశాన్య మూల మాత్రం మూడు. ఈశాన్యంలో బరువు ఉండకూడదని సిద్ధాంతిని పిలిపించి మరీ కట్టించిన ఇల్లది. ఇప్పుడు అదే ఈశాన్యంలో ఒక బల్ల, కుర్చీ, టేబుల్ ఫ్యాను, తాటాకుల పందిరి, బీటెక్ మూడో సంవత్సరం. సిద్ధాంతిని మళ్ళీ అడగలేదు. అడిగితే ఆయన వద్దంటాడని తెలుసు.

పందిరి కింద కూతురు, పందిరి గుంజ పక్కన నాయన. మూట విప్పారు కదా, గింజ కొరికి చూడాలి. మొదటి వారం ఆయన పాఠాన్ని పరీక్షించాడు, ఒక్క ముక్కా అర్థం కాలేదు. దాంతో చదువు మీద గౌరవం పెరిగింది. అర్థమైతే అంత ఫీజెందుకు? రెండో వారం నించి ఆయన చూపు పాఠం మీద నించి పాఠం చెప్పే మనిషి మీదికి మళ్ళింది. చిన్న వయసు లెక్చరర్. వెనకాల గోడకు పెచ్చులూడిన చోట కేలెండర్ అడ్డం పెట్టుకున్నాడు. ఎవరూ బదులు చెప్పని ప్రశ్న వేసి, తనే బదులు చెప్పుకుని, "గుడ్" అని తననే మెచ్చుకుంటున్నాడు.

"ఊఁ కొట్టకపోతే ఆయన ఎట్టా చెప్తాడమ్మా? ఎవరన్నా ఊఁ కొట్టండి" అన్నాడు నాయన. కొట్టేవాళ్ళెవరూ లేరని తేలాక ఆ బాధ్యత తనే తీసుకున్నాడు.

హాజరు లెక్క కూడా ఆయనదే. పొద్దున మొదటి గంటకు అరవై మంది, మూడో గంటకు ముప్పై. రొయ్యల గుంటలున్న మనిషికి ఈ అంకెలు వేరే రకంగా వినపడతాయి. కిలోకు వంద తూగితే వంద కౌంటు, ముప్పై తూగితే ముప్పై కౌంటు. కౌంటు తగ్గే కొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. లాక్‌డౌన్లో కొనేవాడు లేక ధర పడిపోతే ప్రభుత్వమే రేటు కట్టి, వంద కౌంటు కిలో 180 అంది, ముప్పై కౌంటు 430 అంది. "ఆడ కౌంటు తగ్గితే నాకు రేటన్నా పెరుగుద్ది. ఈడ అరవై కౌంటుకీ ముప్పై కౌంటుకీ ఒకటే ఫీజు, ఇదెక్కడి యాపారం?" అని ఆయన లెక్చరర్‌నే అడిగాడు. మైకు ఆన్‌లోనే ఉంది. ముప్పై నల్ల పెట్టెలూ ఒక్కసారిగా నవ్వాయి. ఆ సెమిస్టర్లో ఆ క్లాసు నవ్వింది అదే మొదలని లెక్చరర్ తర్వాత ఎవరితోనో అన్నాడట.

అప్పట్నించీ ఆయనకు అభిమానులు తయారయ్యారు. చాట్‌లో "గుడ్ మార్నింగ్ అంకుల్" అని పడేది. లెక్చరర్ కూడా గొంతు సవరించుకుని "అంకుల్ వచ్చారా?" అని అడిగాకే మొదలుపెట్టేవాడు. గుంటల దగ్గర పనున్న రోజు ఈయన లేకపోతే పాఠం చప్పగా ఉండేదట. అది విని నాయన, "ఆ లింకేదో నాకూ పంపు అమ్మణ్ణీ" అన్నాడు. పాత ఫోను జేబులో వేసుకుని, గుంట గట్టు మీద మేత చల్లుతూ, తన పేరుతోనే క్లాసులో చేరేవాడు.

2020 డిసెంబరు 17 సంగతి ఆ బ్యాచ్‌లో ఎవరూ మర్చిపోరు. మధ్యాహ్నం 3.41కి శ్రీహరికోటలోని షార్ నించి పీఎస్‌ఎల్‌వీ-సీ50 లేచింది. రాకెట్ పోతుందంటే మా వైపు పనులన్నీ ఆపి మిద్దెలెక్కుతారు. అమ్మాయి ఎటూ మిద్దె మీదే ఉంది, కమ్యూనికేషన్ సిస్టమ్స్ పాఠం నడుస్తోంది. ఉన్నట్టుండి ఆకాశం గుడగుడలాడింది. "ఎవరండీ, ఆ మిక్సీ ఆపండి" అన్నాడు లెక్చరర్. "మిక్సీ కాదు సార్, షార్!" అని గుంజ పక్క నించి జవాబు. నాయన ఫోను లాక్కుని ఆకాశం వైపు తిప్పాడు. క్లాసు క్లాసంతా ఆ తెల్లటి చార చూసింది. పోయింది సీఎంఎస్-01, సమాచార ఉపగ్రహం. అది కనుమరుగయ్యేలోగా ఫోనులో ఉన్న మూడు గీతలూ కనుమరుగయ్యాయి.

అమ్మ గురించి రాయకపోతే ఆవిడ ఊరుకోదు. ఆవిడ మాట్లాడదు, ప్లేటు పంపుతుంది. తొమ్మిదింటికి కారందోశ, పదకొండింటికి పులిబొంగరాలు. ప్లేటు ముందు, చెయ్యి తర్వాత కెమెరాలోకి వచ్చేవి. ప్రశ్న అడిగినప్పుడు అమ్మాయి నోట్లో దోశ ఉంటే "తెలియదు సార్" అన్నదాకా పోకుండా సిగ్నల్ మీదికి నెట్టెయ్యొచ్చు, అదొక సౌకర్యం. (2022 ఏప్రిల్లో చిట్టమూరు నెల్లూరు జిల్లా నించి తిరుపతి జిల్లాలోకి పోయింది. ఆవిడ చేపల పులుసుకు మాత్రం ఆ జీవో వర్తించలేదు.)

డబ్బు దగ్గర ఆవిడదే పైచెయ్యి. హాస్టల్ ఖర్చుకని ఏటా ఇరవై వేలు రెండు విడతలుగా తల్లుల ఖాతాలో వేసే వసతి దీవెన 2020 ఫిబ్రవరి 24న మొదలైంది. నెల తిరక్కుండా హాస్టళ్ళు మూతపడ్డాయి. "హాస్టల్ మిద్దె మీద, మెస్ నా వంటింట్లో. ఆ డబ్బు నాది కాకపోతే ఎవరిది?" అంది ఆవిడ. లాయర్ని పెట్టినా దీనికి జవాబు దొరకదు. 2021 ఏప్రిల్ 19న ఫీజు డబ్బు కూడా కాలేజీకి కాకుండా తల్లి ఖాతాలోనే పడటంతో నాయన పూర్తిగా వార్డెన్ ఉద్యోగానికి దిగిపోయాడు. జీతం లేదు, దోశ ఉంది. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ పథకానికి మాగాణి పదెకరాల లోపు ఉండాలనేది అప్పటి నిబంధన. సంబంధాల వాళ్ళు వచ్చినప్పుడు ఈయనకు పన్నెండెకరాలు, గ్రామ సచివాలయంలో ఎనిమిదిన్నర. ఆ మూడున్నర ఎకరాలు ఎటు పోతాయో, ఎటు నించి వస్తాయో సర్వేయర్లకు కూడా అంతుపట్టదు.

నివర్ తుపాను వచ్చిన రోజు చూడాలి ఆయన్ని. 2020 నవంబరు 25 రాత్రి తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది, వాన మాత్రం మా జిల్లా మీద కుమ్మరించింది. కరెంటు పోయింది. గుంటల్లో ఏరియేటర్లు ఆగిపోతే తెల్లారేసరికి రొయ్యలు తేలిపోతాయి, అందుకు డీజిల్ జనరేటర్ ఉంది. పొద్దున ఎనిమిదింటికి అమ్మాయి అసైన్‌మెంట్ పంపాలి, అందుకు ఏమీ లేదు. నాయన గొడుగు లేకుండా వానలో నిలబడి కాసేపు ఆలోచించాడు. తర్వాత ఒక్క ఏరియేటర్ ఆపి, ఆ వైరు షెడ్డులోకి లాగి, కూతుర్ని మేత బస్తాల మీద కూర్చోబెట్టి ఫోను ఛార్జింగ్ పెట్టించాడు. అమ్మాయి రాస్తున్నంత సేపూ ఈయన టార్చి పట్టుకుని గుంటలోకీ, కాగితంలోకీ మార్చి మార్చి చూస్తున్నాడు. "అయిందా?" "అయ్యింది నాయనా." "రొయ్యలు ఆగుతాయిలే, నిదానంగా రాయి. అయిందా?" ఎనిమిదికి పది నిమిషాల ముందు అసైన్‌మెంట్ వెళ్ళింది. లెక్చరర్ గడువు వారం పెంచాడని తొమ్మిదింటికి మెసేజ్ వచ్చింది.

పరీక్షలు రద్దు చేస్తారన్నప్పుడు పిల్లలు పండగ చేసుకున్నారు, ఈయన దిగులుపడ్డాడు. చివరి సంవత్సరం వాళ్ళకు పరీక్ష లేకుండా పట్టా ఇవ్వడం కుదరదని 2020 ఆగస్టు 28న సుప్రీంకోర్టు చెబితే, పక్కింటి అబ్బాయి బావురుమంటుంటే, ఈయన బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాడు. 'కరోనా బ్యాచ్' అని ముద్ర పడితే ఉద్యోగమూ రాదు, అల్లుడూ రాడని ఆయన భయం. మల్లాం సుబ్రహ్మణ్యేశ్వరుడికి లాక్‌డౌన్లోనే మొక్కుకుందామంటే అప్పుడు గుళ్ళు మూశారు. మిద్దె మీద నించే అటు తిరిగి దండం పెట్టి, తలనీలాలు తెరిచాక ఇస్తానని వాయిదా రాయించుకున్నాడు.

మరుసటి ఏడు మేలో రెండో అల ఉధృతంగా ఉన్నప్పుడు కృష్ణపట్నం ఆనందయ్య మందు కోసం పోయినవాళ్ళలో ఈయనా ఉన్నాడు. "క్లినికల్ ట్రయల్ జరిగిందా నాయనా?" అని కూతురు అడిగింది. "ఆడ ఇసకేస్తే రాలడం లేదు. ఇంకా ఎంతమంది మీద జరగాలంటావు?" మే 21న జనం విరగబడి పంపిణీ ఆగిపోయింది. ఈయన ఉత్త చేతులతో తిరిగొచ్చి, క్యూలో నిలబడే మూడు గంటల పాఠం విన్నానని, సార్ బాగా చెప్పాడని అన్నాడు.

చివరి సెమిస్టర్ ఆఖర్లో లెక్చరర్ నించి ఫోను.

"అంకుల్, మీ అమ్మాయికి హాజరు తక్కువైంది. డెబ్బై ఐదు శాతం ఉండాలి."

"అదెట్టా సార్! నేను ఒక్క క్లాసు తప్పలేదే!"

అవతల కాసేపు కాగితాలు తిప్పిన చప్పుడు. "నిజమే అంకుల్. మీకు తొంభై రెండు ఉంది. అమ్మాయికే అరవై."

నాయన గెనెం మీద ఆగి ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. "రెండూ కలిపి సగం చేస్తే డెబ్బై ఆరు వస్తది గదా సార్?"