ఓటు ఎగ్గొట్టే ఓటరుకు కొన్ని మెళకువలు

ఓటు ఎగ్గొట్టడం తేలికనుకుంటారు గానీ, దానికీ సాధన కావాలి. ముందుగా ఒక అంకె కంఠస్థం చేయండి: 94,414. 2024 లోక్‌సభ ఎన్నికల్లో నాగర్‌కర్నూల్ నుంచి మల్లు రవికి వచ్చిన మెజారిటీ అది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, అలంపూర్, అచ్చంపేట, కల్వకుర్తి, కొల్లాపూర్ అన్నీ కలిస్తే ఈ సీటు. ఓటర్లు 17 లక్షల పైచిలుకు. ఓటెందుకు వేయలేదని ఎవరైనా నిలదీస్తే ఈ అంకె చెప్పి, "నా ఒక్క ఓటుతోని ఏమైతది?" అనండి. అప్పటికీ వదలకపోతే 2019 లెక్క తీయండి. పోతుగంటి రాములు మెజారిటీ 1,89,748. దెబ్బకు నోరు మూతపడుతుంది.

2014 జోలికి మాత్రం పోవద్దు. ఆ ఏడాది నంది ఎల్లయ్య గట్టెక్కింది 16,676తో. ఏడు సెగ్మెంట్లకు పంచితే ఒక్కోదానికి రెండున్నర వేలు కూడా రావు.

ఇంకో జాగ్రత్త: కల్వకుర్తి వాళ్ల దగ్గర ఈ ముచ్చటే ఎత్తకండి. 1989లో, ముఖ్యమంత్రిగా ఉన్న ఎన్టీఆర్‌నే కాదని చిత్తరంజన్‌దాస్‌ను అసెంబ్లీకి పంపిన జనం వాళ్లు. 2014 అసెంబ్లీ ఎన్నికల్లో అయితే ఒక్క పోలింగ్ కేంద్రంలో ఈవీఎం మొరాయించి, మొత్తం నియోజకవర్గం ఫలితమే ఆగిపోయింది. అక్కడ మళ్లీ పోలింగ్ పెట్టాక తేలింది: కాంగ్రెస్ అభ్యర్థి చల్లా వంశీచంద్‌రెడ్డి బీజేపీ అభ్యర్థి తల్లోజు ఆచారి మీద 78 ఓట్లతో గెలిచారు. అంటే 40 మంది ఇటు నుంచి అటు మళ్లి ఉంటే ఎమ్మెల్యే మారిపోయేవాడు. ఆ 40 మంది ఎవరో ఎవరికీ తెలియదు, వాళ్లకే తెలియదు.

"అది అసెంబ్లీ, మనం మాట్లాడేది ఢిల్లీ సంగతి" అంటారు మీరు. మంచి పాయింటే. కాకపోతే ఆ మాట అన్న వెంటనే లేచి వెళ్లిపోవాలి. లేదంటే అదే వంశీచంద్‌రెడ్డి 2024లో పక్కనున్న మహబూబ్‌నగర్ లోక్‌సభకు నిలబడి, గద్వాల నేత డి.కె. అరుణ చేతిలో 4,500 ఓట్లతో ఓడిన సంగతి ఎవరో ఒకరు తీస్తారు. పదేళ్ల ముందు అదే సీట్లో కేంద్ర మంత్రి జైపాల్‌రెడ్డి పోగొట్టుకున్నది 2,590తో. బాగా చదువుకున్నవాడు తగిలితే ఇక అనకాపల్లి దాకా పోతాడు: 1989 లోక్‌సభ ఎన్నికల్లో కొణతాల రామకృష్ణ మెజారిటీ తొమ్మిది. తొమ్మిది వేలు కాదు, తొమ్మిది ఓట్లు. అక్కడితో ఆగుతాడా, 1999 ఏప్రిల్‌లో వాజ్‌పేయి ప్రభుత్వం ఒక్క ఎంపీ ఓటు తేడాతో పడిపోయిన కథ కూడా ఎత్తుకుంటాడు.

నిజం చెప్పాలంటే లెక్క మీ పక్షమే. ఒక్క ఓటు తేడాతో లోక్‌సభ సీటు గెలవడం ఈ దేశంలో ఇంతవరకూ జరగలేదు. చిక్కేమిటంటే, ఈ లెక్కను నాయకులే నమ్మరు. ముంబై, పుణె, హైదరాబాద్ కూలికి పోయిన పాలమూరు కుటుంబాలకు ఏడాదంతా రాని ఫోన్లు ఎన్నికలప్పుడు వస్తాయి. "ఎప్పుడొస్తున్నరన్నా? బండి పంపమంటవా?" అని. ఏ గడపలో ఎన్ని ఓట్లో ఊళ్లో కార్యకర్తకు నోటికి వచ్చు. విలువలేని సరుకు మీద ఇంత ఖర్చు పెట్టే వ్యాపారి గద్వాల బజారులో ఒక్కడూ దొరకడు. వాళ్లకు పిచ్చి అని సర్దిచెప్పుకోండి. మీ ఓటు విలువ మీకన్నా వాళ్లకే బాగా తెలుసన్న అనుమానం మాత్రం దగ్గరికి రానీయకండి.

గురువు కావాలంటే హైదరాబాద్‌ను చూడండి. 2024 మే 13 సోమవారం నాడు ఆ లోక్‌సభ సీట్లో సగం మంది కూడా బూత్ ముఖం చూడలేదు. శని, ఆదివారాలకు ఇంకో సెలవు కలిసొచ్చింది మరి. నాగర్‌కర్నూల్ వాళ్లు ఈ విద్యలో బాగా వెనకబడి ఉన్నారు, ఎండలో నిలబడి దాదాపు 69 శాతం మంది వేసేశారు.

చివరగా టైము సంగతి. పోలింగ్ గడువు ముగిసేసరికి వరుసలో ఉన్న ప్రతి ఒక్కరికీ చీటీలిస్తారు. అదీ చిట్టచివర నిలబడ్డ మనిషి నుంచి మొదలుపెట్టి. వాళ్లందరి ఓట్లూ పడేదాకా సిబ్బంది అక్కడి నుంచి కదలరు. కాబట్టి పొద్దుగూకేవేళ పోలింగ్ జరిగే బడి పక్కనుంచి నడవకండి; పొరపాటున ఆ వరుసలో కలిశారో, మీకూ ఒక చీటీ ఇచ్చేస్తారు.