మా ఇంటి సముద్ర నిపుణుడు

మా ఇంట్లో సముద్రం గురించి మాట్లాడే హక్కు నాదే. హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో ఏసీ కింద కాళ్ళు బార్లా చాపుకుని, "మేం కోస్తావాళ్ళం, ఉప్పుగాలి పీల్చి పెరిగినవాళ్ళం" అంటుంటాను. మాది తెనాలి. ఆంధ్రా పారిస్ అని పేరు. పారిస్‌లో ఎంత సముద్రం ఉందో తెనాలిలోనూ అంతే ఉంది. చిన్నప్పుడు నేను పీల్చిందంతా కాలవగట్టు గాలి. అయినా వరంగల్ పిల్లను చేసుకున్నాక ఆ మాత్రం గొప్పలు చెల్లుబాటవుతాయని నా ధీమా. ఆవిడ మోటబావిలో దూకి ఈత నేర్చుకుంది. నాకు ఈత రాదు. పెళ్ళిచూపుల్లో ఈ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఎండలు ముదిరాక ఒకరోజు మా ఆవిడ, "ఎప్పుడు జూసినా సముద్రం, సముద్రం అంటరు. ఒక్కసారన్న చూపెట్టున్రి" అంది. ఇక నాలోని నిపుణుడు లేచాడు. విశాఖ, భీమిలి అందరూ వెళ్ళేవే కదా, మనం ఇంకా పైకి పోదామన్నాను. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. దాని పొడవునా మత్స్యకారుల పల్లెలు, కొబ్బరితోటలు, సరుగుడు తోపులు. రాత్రంతా కూర్చుని ప్రణాళిక తయారుచేసి, రంగుల్లో ప్రింటు తీయించాను. ఉదయం 5:15కి సూర్యోదయ వీక్షణం. 6:00కి ఒడ్డుకొచ్చిన పడవ దగ్గర తాజా వంజరం కొనుగోలు. పక్కన చిన్న చేప బొమ్మ కూడా.

రైలు దిగింది ఆమదాలవలసలో. స్టేషన్ బోర్డు మీద మాత్రం 'శ్రీకాకుళం రోడ్డు' అని ఉంటుంది. ఈ తేడా మా ఆవిడకు వివరిస్తుండగానే ఆవిడ కారు మాట్లాడేసింది.

ముందు శ్రీకూర్మం. విష్ణువు కూర్మావతారంలో కొలువైన గుడి. చెప్పులు బయట వదలాలి కదా. మే నెల మధ్యాహ్నం, కింద నల్లరాయి. పూజారిగారు చూస్తున్నారని నాలుగడుగులు గంభీరంగా వేశాను. అయిదో అడుగు నుంచి పరుగే. ఆవరణలో పెంచే నక్షత్ర తాబేళ్ళు నా ధాటికి తలలు లోపలికి ముడుచుకున్నాయి. మా ఆవిడ మాత్రం గోడవారన నీడ చూసుకుంటూ నిదానంగా వచ్చి దణ్ణం పెట్టుకుంది.

కళింగపట్నంలో నా విద్వత్తు కట్టలు తెంచుకుంది. ఒడిశా కొండల్లో పుట్టిన వంశధార ఇక్కడే సముద్రంలో కలుస్తుందని, ఇది ఒకప్పటి పేరున్న రేవని, నది వెంట కాస్త వెనక్కి వెళితే శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలున్నాయని, ఓడలమీద వచ్చిన వర్తకులకు, భిక్షువులకు చుట్టరికం ఏమిటో కూడా చెప్పాను. సరుగుడు చెట్టు కింద కూర్చునే చెప్పాను. కళ్ళు తెరిచి చూస్తే శ్రోతల్లో మిగిలింది డ్రైవరు ఒక్కడే. అతనూ ఫోనొచ్చిందని లేచాడు. మా ఆవిడ ఎప్పుడో మోకాళ్ళ లోతు నీళ్ళలో ఉంది. "సముద్రం చూడొచ్చిన్రా, నీడ చూడొచ్చిన్రా?" అని అక్కణ్ణుంచే కేకేసింది. నిపుణులు దూరం నుంచే పరిశీలిస్తారని గట్టిగా చెప్పాను. అలల హోరులో వినిపించలేదనుకుంటా.

సూర్యోదయం గురించి ఎక్కువ చెప్పను. ఆ తీరాన మే నెలలో అయిదున్నర కాకముందే పొద్దు పొడుస్తుంది. నేను లేచేసరికి ఆవిడ చూసొచ్చి, స్నానం చేసి, రెండో కాఫీ తాగుతోంది.

వంజరం కోసం పల్లెకు వెళ్ళాం. పడవలన్నీ ఇసుక మీదే ఉన్నాయి. కొన్నింటిమీద తాటాకులు కప్పారు. ఒక పెద్దాయన నైలాన్ తాడును కాలి బొటనవేలికి తగిలించి బిగలాగి, చిరిగిన వల కన్నును ఒక్కొక్కటిగా ముడివేస్తున్నాడు. చేపలేవని అడిగాను. "ఇప్పుడేట లేదు కద బాబూ" అన్నాడు. అప్పుడు నాకు గుర్తొచ్చింది. గుర్తొస్తే ఊరుకుంటానా! తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవలకు, మోటారు పడవలకు వేట నిషేధమని, చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఇలా చేస్తారని, తెడ్ల నావలకు మాత్రం మినహాయింపని ఆయనకే వివరించాను. ఆ నిషేధం వల్లనే ఇంట్లో కూర్చున్న మనిషికి! ఆయన ఓపిగ్గా విని, "ఎండలో నిలబడ్డారేటి బాబూ, ఇలా నీడకి రండి" అన్నాడు.

ఈలోగా మా ఆవిడ ఆయన భార్య పక్కన చేరి, ఉప్పు ఎక్కువ పట్టిన ఎండుచేపను ఎలా గుర్తుపట్టాలో, వంకాయలో ఏది బాగుంటుందో, పిల్లలు ఏం చదువుతున్నారో మాట్లాడుతోంది. కిలో ఎండు నెత్తళ్ళు కొంది. పొట్లం కట్టడానికి కాగితం కావాల్సివస్తే నా రంగుల ప్రణాళిక పనికొచ్చింది. తిరుగు రైల్లో వాసన వస్తోందని బోగీలో అందరికంటే ముందు సణిగింది నేనే. ఇంటికొచ్చాక ఆ వంకాయ కూర రెండోసారి వడ్డించుకున్నదీ నేనే.

కాబట్టి పాఠకులకు నా మనవి. సిక్కోలు తీరం తప్పకుండా చూడండి. వంజరం తినాలనుంటే జూన్ 14 దాటాక వెళ్ళండి. గుడికి పొద్దున్నే వెళ్ళండి. మీ ఇంట్లోనూ ఒక సముద్ర నిపుణుడుంటే వెంట తీసుకెళ్ళండి, కాదనను. సామాను కాపలాకు ఎవరో ఒకరు ఉండాలిగా!