నాకు ఊపిరాడిన రోజు

నేను ల్యాప్‌టాప్‌ని. నాలో ఉన్నది ఇంటెల్ మూడో తరం ఐ5 ప్రాసెసర్, 2012లో వచ్చిన రకం. పలమనేరులో టెర్రకోట బొమ్మలు చేసే ఒకాయన ఇంటికి సెకండ్‌హ్యాండ్‌లో చేరాను. ఆయన మన్ను పిసుకుతూ ఉంటే పక్కనే కూతురు నాలో బొమ్మల ఫొటోలు సర్దుతుంది, ఆర్డర్లు రాసుకుంటుంది, డిగ్రీ పాఠాలు వింటుంది.

సంక్రాంతికి ముందు నాకు జబ్బు చేసింది. పని మధ్యలో ఉన్నట్టుండి తెర నల్లబడేది. కాసేపాగి స్విచ్చి నొక్కితే మామూలుగానే లేచేదాన్ని.

"మళ్లా ఆగిపోయిందా పాపా?"

"అవు నాయనా. రాసిందంతా పోయింది."

కూతురు వైరస్ అనుకుని విండోస్ మళ్లీ ఎక్కించింది. ర్యామ్ చెడిందేమోనని రాత్రంతా మెమ్‌టెస్ట్ నడిపింది. ఒక్క తప్పూ దొరకలేదు. ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అని కనిపించింది. నేను సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయానని చెప్పే గుర్తు అది, ఎందుకు ఆగానో చెప్పదు. రిపేరు షాపులో చూపిస్తే "ముసలిదైపోయింది, కొత్తది తీసుకోండి" అన్నారు.

వేడి మీదికి ఎవరి అనుమానమూ పోలేదు. మిట్ట మీది ఊరు, పైగా పుష్యమాసపు చలి. ఒక రోజు ఆయన నన్ను పక్కకు జరపబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఇది ఆవం మాదిరి కాగతా ఉంది మా. పొగ పోయే దారి మూసుకుంటే ఆవంలో కుండలు పగిలిపోతాయి. దీనికి గాలి పోయే దారి యాడుంది?"

ఆ మాటతో ఆమె ఉష్ణోగ్రత చూసింది. ఊరికే ఉన్నప్పుడే 78 డిగ్రీలు, వీడియో పెడితే 100 దాటింది. నా ప్రాసెసర్ ఓర్చుకోగలిగింది 105 వరకే. ఆ గీత దగ్గర మొదట వేగం తగ్గించుకుంటాను, అయినా చల్లబడకపోతే కాలిపోకుండా నన్ను నేనే ఆపేసుకుంటాను.

ఛార్జర్ పీకి, బ్యాటరీ తీసి, అడుగు మూత విప్పింది. ఫ్యానుకూ రాగి గొట్టం చివరి రేకులకూ మధ్య, సన్నటి మట్టిదుమ్ము నూలుపోగులతో కలిసి కంబళి ముక్కలా అట్టగట్టి ఉంది. ప్రాసెసర్ మీది థర్మల్ పేస్టు ఎండి సుద్దలా రాలింది. నాయన బొమ్మలకు రంగు వేసే మెత్తటి కుంచెతోనే, ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకుని, దుమ్మంతా దులిపింది. పాత పేస్టు తుడిచి, మిరియపు గింజంత కొత్తది పెట్టింది.

మూత బిగించి నన్ను లేపినప్పుడు 47. గంటసేపు వీడియో ఆడించినా 72 దాటలేదు. నా జబ్బు ముసలితనం కాదు, ఊపిరాడకపోవడం. పాత యంత్రాన్ని పారేసే ముందు ఒక్కసారి దాని మూత విప్పి చూడమనే నా మనవి.

మర్నాడు ఆయన నాలుగు చిన్న మట్టి దిమ్మలు చేసి ఎండబెట్టాడు. తరువాతి ఆవంలో దీపాలతోపాటు అవీ కాలాయి. ఇప్పుడు నేను వాటి మీదే కూర్చుంటాను, కింది నుంచి గాలి తగులుతూ.