మెట్ల వీధిలో కంచరగాడిద

ఫ్రిహిల్యానాలో ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లు ముందుగా సముద్రం కనిపిస్తుందా అని మేడ మీదికి పరుగెత్తుతారు. ఈ కంచరగాడిద మాత్రం వీధి మొదట్లో నిలబడి, గుమ్మం దాకా మెట్లెన్ని ఉన్నాయో చూసుకుంటుంది. ఆ మెట్ల మీదికి కారు రాదు, లారీ రాదు. ఇసుక, ఇటుక, పాతిక కిలోల సిమెంటు సంచులు, స్నానాల గది టైల్స్, ఒక్కోసారి ఫ్రిజ్ కూడా దీని గంత మీదే పైకెక్కాలి. పడగొట్టిన గోడల మట్టి దీని పెరికెల్లోనే కిందికి దిగాలి. దాదాపు ముప్ఫై ఏళ్లలో ఈ ఊళ్లో చేతులు మారిన ఇళ్ల బరువెంతో దీని వీపుకు తెలుసు. ఆ కథే ఇది.

1992లో పుట్టింది. తండ్రి గాడిద, తల్లి గుర్రం. నాలుగేళ్ల వయసులో గంత కట్టించుకుని పనిలోకి దిగింది. ఊరు స్పెయిన్ దక్షిణాన మాలగా జిల్లాలో, అక్సార్కియా అనే కొండ ప్రాంతంలో ఉంది. తీరంలోని నెర్హా పట్నం నుంచి 6 కిలోమీటర్లు ఎక్కితే, సముద్రమట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తున, సున్నం కొట్టిన తెల్లటి ఇళ్లు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసినట్టు కనిపిస్తాయి. కింది వాలుల్లో అవకాడో, మామిడి తోటలు. ఊరి మొగదల ఎల్ ఇన్హేనియో అనే పాత భవనం ఉంది. అక్కడ చెరకు పాకం కాస్తారు. వేపిన వంకాయ ముక్కల మీద ఆ నల్లటి పాకం పోసుకుని తినడం ఇక్కడివాళ్లకు ప్రాణం. దీని ముందు తరాలు ఆ భవనానికి చెరకు మోశాయి. దీని వంతు వచ్చేసరికి మోయాల్సింది ఇళ్లయింది.

ఈ సందులు ఇంత ఇరుకుగా ఉండటం వెనక చరిత్ర ఉంది. పై పేట ముస్లింల కాలంలో అల్లుకున్నది. క్రైస్తవ రాజ్యంలో బలవంతంగా మతం మారిన మోరిస్కోలు తిరగబడి, 1569లో ఊరి పైనున్న కొండశిఖరం మీద ఓడిపోయారు. బతికినవాళ్లను వెళ్లగొట్టి, వేరే చోట్ల నుంచి జనాన్ని తెచ్చి ఇక్కడ దింపారు. వీధి గోడల్లో పొదిగిన పింగాణీ పలకలు ఆ యుద్ధాన్ని వరసగా చెబుతాయి. బరువుతో ఎక్కేటప్పుడు ఈ కంచరగాడిద ఆగి ఊపిరి తీసుకునేది ఆ పలకల దగ్గరే. ఇల్లు వదిలి వెళ్లినవాళ్ల కథ, ఇల్లు కొనడానికి వచ్చినవాళ్ల కథ ఆ మలుపుల్లోనే ఎదురుపడుతుంటాయి.

దీనికి బాగా ఎరుకైన ఇల్లు ఒకటుంది, నీలం తలుపుది. అందులో ఉండే ముసలావిడ ఇది అటుగా వెళ్లినప్పుడల్లా అల్గర్రోబా కాయ ఒకటి నోటికి అందించేది. చింతకాయలా వంకరగా, నల్లగా, తియ్యగా ఉంటుందది. ఆవిడ పోయాక, 1999లో, ఇల్లు అమ్మకానికి వచ్చింది. పిల్లలు నలుగురు. ఒకరు బార్సిలోనాలో, ఒకరు జర్మనీలో, ఇద్దరు ఊళ్లో. నలుగురూ సంతకం పెడితేగాని అమ్మకం సాగదు. కంచరగాడిదలకు సాధారణంగా పిల్లలు పుట్టరు. అందుకే కాబోలు, నలుగురి సంతకాల కోసం ఒక ఇల్లు ఏడాది పాటు తాళం వేసుకుని కూర్చోవడం దీనికి మనసు చివుక్కుమనే సంగతి.

బేరం కోటి పెసెటాలకు కుదిరింది. అప్పటి డబ్బు అది. యూరోకు 166.386 పెసెటాల చొప్పున లెక్కేస్తే 60 వేల యూరోల పైచిలుకు. 2002లో యూరో నోట్లు వచ్చాక కూడా ఊరి పెద్దలు ఇళ్ల ధరలు పెసెటాల్లోనే చెప్పుకునేవారు.

కొన్నది ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక రిటైరైన జంట. వాళ్లకు ముందుగా కావలసి వచ్చింది ఎన్ఐఈ, అంటే విదేశీయులకిచ్చే గుర్తింపు సంఖ్య. తర్వాత ‘నోటా సింప్లే’. ఇది రిజిస్ట్రీ నుంచి తీసే కాగితం, మన ఈసీ లాంటిది. యజమాని ఎవరు, తనఖా ఉందా, విస్తీర్ణం ఎంత అన్నవి అందులో ఉంటాయి. అక్కడే చిక్కు బయటపడింది. కాగితంలో 60 చదరపు మీటర్లు, కొలిస్తే 85. పడకగది ఒకటి పక్కింటి వంటింటి కప్పు మీద కూర్చుని ఉంది! ఎప్పుడో ఇద్దరు అన్నదమ్ములు నోటిమాటతో పంచుకున్న గది అది. కొండ ఊళ్లలో ఇలాంటివి కొత్త కాదు. పన్నుల కోసం రాసుకునే ‘కటాస్ట్రో’ ఒక లెక్క చెబుతుంది, రిజిస్ట్రీ ఇంకో లెక్క చెబుతుంది, గోడ మూడో లెక్క చెబుతుంది. సొంత లాయరును పెట్టుకుని మూడింటినీ కలుపుకోకపోతే, తర్వాత అమ్మే రోజున ఆ గది కొన్నవాళ్ల మెడకు చుట్టుకుంటుంది.

ఇక బయానా. దాన్ని ‘అర్రాస్’ అంటారు, మామూలుగా ధరలో 10 శాతం. స్పెయిన్ సివిల్ కోడ్ 1454వ అధికరణం ప్రకారం కొనేవాడు వెనక్కి తగ్గితే ఆ సొమ్ము పోతుంది, అమ్మేవాడు మాట తప్పితే రెండింతలు తిరిగివ్వాలి. ఆఖరి రోజున నోటరీ దస్తావేజు చదివి వినిపిస్తాడు. స్పానిష్ రానివాళ్ల పక్కన దుబాసీ ఉండాలి. బ్యాంకు చెక్కు ఆ చేతికి, తాళంచెవులు ఈ చేతికి. ఇవన్నీ ఈ కంచరగాడిదను తోలే పెద్దాయన సంచులు కట్టుకుంటూ చెప్పగా విన్నవే. నోటరీ గది దాకా దీని డెక్కలు వెళ్లలేదు.

ఆ తర్వాతి ఏళ్లలో దీనికి ఊపిరాడనంత పని. ఊరి బయట గుట్టల మీద కూడా ఇళ్లు లేచాయి. వాటిలో చాలావాటికి సరైన అనుమతుల్లేవు. 2008 జనవరిలో అల్మేరియా జిల్లాలోని వేరాలో, మునిసిపాలిటీ ఇచ్చిన అనుమతి చెల్లదంటూ ఒక బ్రిటిష్ వృద్ధ దంపతుల ఇంటిని బుల్డోజరుతో కూల్చేశారు. ఆ వార్త ఈ ఊరి కాఫీ హోటళ్లలో నెలల తరబడి నలిగింది. అందుకే ఇవాళ గుట్ట మీది ఇల్లు చూసేవాళ్లు ముందు ‘ఆఫో’ పత్రం అడుగుతారు. అది ఉంటే ఇంటికి కరెంటు, నీళ్లు చట్టబద్ధంగా అందుతాయి. కానీ ఇంకో గది పెంచడానికి మాత్రం ఒప్పుకోరు.

ఆ 2008లోనే ఇళ్ల గాలిబుడగ పగిలింది. సిమెంటు సంచులు ఆగిపోయాయి. ఈ కంచరగాడిద చాలా రోజులు చెట్టు కిందే నిలబడింది. తోలే పెద్దాయన దాణా తగ్గించలేదు, తన భోజనమే తగ్గించుకున్నాడు.

నీలం తలుపు ఇల్లు మళ్లీ మూతపడింది. బ్రెగ్జిట్ తర్వాత, నివాస అనుమతి లేని బ్రిటిష్‌వాళ్లు ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఇక్కడ ఉండకూడదు. ఆ జంటకు వయసు మీద పడింది, మోకాళ్లు మెట్లకు ఒప్పుకోలేదు. 2013 నుంచి 5 లక్షల యూరోల ఆస్తి కొన్న విదేశీయులకు దొరికిన ‘గోల్డెన్ వీసా’ కూడా 2025 ఏప్రిల్ 3తో ముగిసింది. ఇప్పుడు ఇల్లు కొన్నంత మాత్రాన ఉండే హక్కు రాదు. సంగతి తెలియకుండా బయానా ఇచ్చేసినవాళ్లను తలుచుకుంటే ఈ కంచరగాడిదకు జాలేస్తుంది. తాళం పడిన ఇంటి గోడకు ఒక్క వానాకాలం చాలు, సున్నం పొరలు పొరలుగా రాలుతుంది.

2022లో ఆ ఇంటికి కొత్తవాళ్లొచ్చారు, ఏడాది పొడవునా ఇక్కడే ఉందామని. అందలూసియాలో పాత ఇంటి బదిలీ పన్ను అంతకుముందు ధరను బట్టి 8 నుంచి 10 శాతం ఉండేది, 2021లో 7కు తగ్గింది. నోటరీ, రిజిస్ట్రీ, లాయరు ఫీజులు కలుపుకుని ధర మీద ఇంకో 10 శాతం చేతిలో ఉంచుకోమని వాళ్లకెవరో మంచి సలహా ఇచ్చారు. పక్కింటి కప్పు మీది గది అప్పటికే కాగితాల్లో సరిగ్గా ఎక్కి ఉంది. పాత జంట పట్టుబట్టి చేయించిన పని అది.

ఒకటే గొడవ. వంటగది గట్టుకు పాలరాతి పలక కావాలన్నారు. వీధి మొదట్లో దాన్ని దించిన లారీ డ్రైవరు పైకి చూసి తల అడ్డంగా ఊపాడు. పెద్దాయన కొడుకు ఇప్పుడు తోలుతున్నాడు. పలకను రెండు ముక్కలు చేయించి, రెండు వైపులా సమంగా కట్టి, “అర్రే!” అని అదిలించాడు. ఎనభై రెండు మెట్లు. మూడు చోట్ల ఆగింది.

ఇప్పుడు దీనికి బరువులు తగ్గించారు. కిందటి వసంతంలో మోసింది రెండే రెండు సున్నం సంచులు, ఆ నీలం తలుపు ఇంటికే. కొత్తావిడ, పక్కింటి పెద్దావిడ కలిసి బకెట్లో సున్నం కలుపుతుంటే, ఎవరూ ఆగమనకుండానే ఈ కంచరగాడిద ఆ గుమ్మం ముందు ఆగిపోయింది. పక్కింటావిడ ఏదో చెప్పింది. కొత్తావిడ చేతులు తుడుచుకుని లోపలికెళ్లి, అల్గర్రోబా కాయ ఒకటి తెచ్చి దీని నోటి ముందు పట్టింది.