గుండెకు మార్కులు

మా రోజుల్లో జబ్బుందని గుండే చెప్పేది. మెట్లెక్కితే ఆయాసం, ఎడం చెయ్యి లాగడం, ఒళ్లంతా చెమట. అయినా గ్యాసేలే అని వాము నమిలి, సోడా తాగి పడుకునేవాళ్లం. కొందరు మళ్లీ లేవలేదు, కాదనను.

ఇప్పుడో? ఏ నొప్పీ లేనివాడు కూడా గుండెకు ఫొటో తీయించుకుంటున్నాడు. మొన్న మా మేనల్లుడొచ్చి, "మామయ్యా, నా కాల్షియం స్కోరు సున్నా!" అన్నాడు, స్టేట్ ఫస్టు వచ్చినట్టు. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో మిరపకాయ బజ్జీ, జేబులో సిగరెట్ పెట్టె. వాడికింకా నలభై నిండలేదు.

పరీక్షను తిట్టను. 1990లో ఆర్థర్ అగాట్‌స్టన్ అనే అమెరికా డాక్టరూ ఆయన తోటివాళ్లూ కట్టిన లెక్క అది. సూది లేదు, రంగుమందు ఎక్కించేది లేదు. ఊపిరి బిగబట్టి పడుకుంటే సీటీ యంత్రం తన పని కానిచ్చేస్తుంది. గుండె రక్తనాళాల గోడల్లో పేరుకున్న కాల్షియం తెల్లగా కనిపిస్తుంది. మచ్చ ఎంత మేర ఉంది, ఎంత తెల్లగా ఉంది అన్నవి గుణించి, అన్ని మచ్చలవీ కూడితే స్కోరు. 100 దాటితే కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ బిళ్ల రాస్తారు. 400 దాటిందా, ఇక నిర్లక్ష్యం పనికిరాదు.

నా గోలల్లా ఆ సున్నాతోనే. కొవ్వు ముందు మెత్తగా పేరుకుంటుంది, కాల్షియం పట్టేది ఆ తరవాత. ఆ మెత్తటిది ఈ ఫొటోలో పడదు. గుండెపోటు వచ్చినప్పుడు చాలాసార్లు అదే పగిలి, దాని మీద రక్తం గడ్డకడుతుంది. అందుకే కుర్రవాళ్లకూ, పొగ తాగేవాళ్లకూ, షుగరున్నవాళ్లకూ సున్నా వచ్చినా పూచీ లేదు. పైగా మనవాళ్లకు గుండెజబ్బు తెల్లవాళ్లకంటే ముందే వస్తుంది. అసలీ పరీక్ష ఎవరికయ్యా అంటే, నలభై దాటి, మందు మొదలెట్టాలా వద్దా అన్నది డాక్టరుకే తేలనివాళ్లకు. అమెరికావాళ్ల 2018 కొలెస్ట్రాల్ మార్గదర్శకాలు చెప్పిందీ దాదాపు అదే. ప్యాకేజీలో చవగ్గా వస్తోందని తీయించుకునేది కాదిది.

మా డాక్టరుగారు నాడి పట్టుకునే ముందే అడిగేవారు: "మీ నాన్న ఎన్నో ఏట పోయారు? దేంతో పోయారు? రోజుకెన్ని బీడీలు?" ఇప్పుడు రిపోర్టు వాట్సాప్‌లో వచ్చి పడుతుంది, అడిగే నాథుడు లేడు.

స్కాన్‌కు పరిగెత్తే ముందు బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ చూపించుకోండి బాబూ. ఇంట్లో చిన్న వయసులో గుండెపోటుతో ఎవరు పోయారో డాక్టరు అడక్కపోయినా చెప్పండి.